ముక్కుపిండి వసూలు

ఆ ఫ్యాక్టరీలో ముక్కమ్మను ఎరగనివాళ్ళు లేరు. ముక్కు పెద్దదని ఆ పేరు పెట్టారనుకునేరు! ఉన్నది బుజ్జి ముక్కు, మొహంలో ఎక్కడుందా అని వెతుక్కోవాలి. కానీ ఆ ముక్కు సరేనంటే తప్ప అక్కడినుంచి ఒక్క రోల్ కూడా లారీ ఎక్కదు. పాలకీ, రొట్టెకీ, బిస్కెట్లకీ, పసిపిల్లల పాలపొడికీ కవర్ల ఫిల్ము చేసే ఫ్యాక్టరీ అది. పొద్దున్నే కవరు మూల కత్తిరించి పాలు గిన్నెలో పోసుకుంటాం, కవరు చెత్తబుట్టలో పడేస్తాం, దాని మొహం కూడా చూడం. ఆ కవరుకీ ఒక పుట్టుక ఉంది, ఒక వాసన ఉంది. అది పాలకి అంటిందా, ఇక ఆ పాలు కుక్క కూడా ముట్టదు.

ముక్కమ్మ పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ప్రతి రోల్ నుంచీ జానెడు ముక్క కత్తిరించాలి. గాజు సీసాలో వేసి, మూత బిగించి, వెచ్చటి పెట్టెలో పెట్టాలి. కాసేపాగి మూత తీసి వాసన చూడాలి. "అంతేనా! దీనికి జీతం కూడానా! రేపట్నుంచి మా అత్తగారిని పంపిస్తాను, ఆవిడ వీధి చివర కూర్చుని మా ఇంట్లో కూరేంటో చెప్పేస్తుంది" అని అచ్చు యంత్రం దగ్గర ఒకాయన ఎగతాళి చేశాడు. "కూర్చోండి, మీరే చూడండి" అని ముక్కమ్మ స్టూలు జరిపింది. మొదటి సీసా బాగానే చూశాడు. రెండోదానికి కాస్త తడబడ్డాడు. మూడోదాని దగ్గర, "అన్నీ ఒకేలా ఉన్నాయేంటమ్మా!" అని తెల్లమొహం వేశాడు.

ముక్కు తొందరగా అలిసిపోతుంది, అదీ సంగతి. ముక్కమ్మ సీసాకీ సీసాకీ మధ్య మోచెయ్యి మడిచి, ఆ మడతలో ముక్కు పెట్టి ఒకసారి ఊపిరి పీల్చుకునేది. మన ఒంటి వాసన మనకి తెలియదు కాబట్టి ముక్కు అక్కడికెళ్ళి కాసేపు కూర్చుని, సేదతీరి వస్తుందట. ఆ ముక్కు కోసం ఆవిడ చేయని త్యాగం లేదు. మొహానికి పౌడరు లేదు, వాసన సబ్బు లేదు, పనిరోజుల్లో పచ్చి ఉల్లిపాయ ముట్టదు. పెళ్ళికెళ్ళినా అందరూ గుబాళిస్తుంటే మధ్యలో ఈవిడ ఒక్కతే గాజుగ్లాసులా ఏ వాసనా లేకుండా కూర్చునేది.

"ముక్కమ్మకి ముక్కు మీదే కోపం" అని ఒక పాత జోకు తిరిగేది. ముక్కు మీద ఉండే కోపమైతే ఇంకేం, తుమ్మితే రాలిపోతుంది. ఆవిడది కడుపులో ఉంది. దాన్ని అన్నం పెట్టి పెంచుకుంది.

ఆ కోపం సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ భర్త గురించి చెప్పాలి. ఆయన్ని బుడగ మాస్టారు అనేవాళ్ళు. ఫిల్ము ఎలా పుడుతుందంటే, మొదట గింజలు. సగ్గుబియ్యంలాంటి ప్లాస్టిక్ గింజలు బస్తాల్లో వస్తాయి. వాటిని యంత్రం నెత్తి మీద తొట్టిలో పోస్తారు. కింద ఇనపగొట్టంలో మర తిరుగుతుంటుంది, గొట్టం చుట్టూ వేడి. గింజ కరిగి చిక్కటి జావయ్యి, గుండ్రటి సన్నటి సందులోంచి పైకి వస్తుంది. దాని కడుపులోకి గాలి ఊదుతారు. అప్పుడు చూడాలి! పిల్లలు సబ్బునీళ్ళతో ఊదే బుడగే, కానీ రెండంతస్తుల ఎత్తు, పగలకుండా లేస్తూనే ఉంటుంది. పైకి వెళ్ళేసరికి చల్లారుతుంది. అక్కడ రోలర్లు దాన్ని అణిచి, చదును చేసి, కిందికి దింపి చుట్టలు చుడతాయి. గాలి ఎక్కువైతే పొర పల్చబడుతుంది, వేడి తేడా వస్తే బుడగ తాగినవాడిలా పక్కకి ఒరుగుతుంది. చూసుకోడానికి మీటర్లున్నాయి. అయినా మాస్టారు అరచెయ్యి బుడగకి దగ్గరగా పెట్టి, "దీనికి ఊపిరాడట్లేదు, కాస్త గాలివ్వండి" అని షెడ్డు దద్దరిల్లేలా కేకేసేవాడు. యంత్రాల రొదలో కూడా ఆ కొస నుంచి ఈ కొసకి వినపడే గొంతు అది.

పాలకవరు ఫిల్ముకి మూడు పొరలు, మూడు తొట్లు. బయటి పొర తెలుపు, బొమ్మలూ అక్షరాలూ దానిమీద అచ్చవుతాయి. లోపలిది పాలకి తగిలే పొర. మధ్యది నలుపు, వెలుతురు తగిలితే పాల రుచి చెడుతుంది గనక. వచ్చిన చిక్కల్లా ఆ మధ్య పొరతోనే. నలుపులో ఏం కలిపినా కంటికి దొరకదు.

కొత్త గింజని వాళ్ళు తొలిగింజ అంటారు. పాత డ్రమ్ములూ డబ్బాలూ కడిగీ కడక్కుండా పిండి చేసి, కరిగించి మళ్ళీ తీసినదాన్ని మలిగింజ అంటారు. మలిగింజ చెత్తబుట్టలకి మంచిదే, నీళ్ళగొట్టాలకి మంచిదే. ఆ ఫ్యాక్టరీలో తినే వస్తువు ఛాయలకి కూడా దాన్ని రానివ్వకూడదు. పురుగుమందు డబ్బా ఏడు జన్మలెత్తినా పురుగుమందు వాసనే కొడుతుందని అక్కడి సామెత.

ఆ షెడ్డుకి ఫోర్‌మన్ ముక్కమ్మకి స్వయానా అన్న. ఒక్క కడుపున పుట్టినవాడు. ఆవిడకి పని ఇప్పించిందీ, "బంగారంలాంటివాడమ్మా, కళ్ళు మూసుకుని చేసుకో" అని బుడగ మాస్టారితో పెళ్ళి చేయించిందీ ఆయనే. బావా బావమరుదులిద్దరూ ఒకే కంచంలో తిన్నట్టుండేవాళ్ళు. బావా అంటే బావా అనేవాళ్ళు. చూసి కుళ్ళుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ముక్కమ్మ పురిటికి సెలవు పెట్టిన రోజుల్లో తొలిగింజ బస్తాలు కొన్ని వెనకగేటు దాటి వెళ్ళిపోయాయి. బస్తాలకి కాళ్ళు రావు కదా! ఫోర్‌మన్ చేతులొచ్చాయి. తొట్టి ఖాళీగా ఉంటే యజమాని ఊరుకోడు. చూసే ముక్కు ఇంట్లో పసిపిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఇంకేం, ఎవరూ లేనప్పుడు మధ్య తొట్టిలో మలిగింజ పోసేశాడు. కంచే చేను మేసింది.

పాలకవర్లు ఇళ్ళకి చేరాయి. పాలు కాస్తే పొయ్యి మీదనుంచి పురుగుమందు కంపు. పిల్లలు కక్కుకున్నారు. మర్నాడు గేటు ముందు జనం, చేతుల్లో ఖాళీ కవర్లు, నోట్లో బూతులు. యజమాని వణికిపోయాడు. "ఎవడు కలిపాడో వాడే వచ్చి చెప్పాలి" అన్నాడు.

ఫోర్‌మన్ బావని యంత్రం వెనక్కి లాక్కెళ్ళాడు. గడ్డం పట్టుకున్నాడు, ఏడ్చాడు. "బావా, నువ్వు చెప్పు. నీది పొరపాటంటే మన్నిస్తారు, యంత్రం మీదుండేవాడివి, బస్తా తారుమారైందంటే నమ్ముతారు. నా పేరొస్తే బస్తాల లెక్క తీస్తారు, నేను జైలుకి పోతాను. ఇవాళ జనం ముందు ఒక్క మాట, అంతే. గొడవ చల్లారగానే నిన్ను మళ్ళీ యంత్రం దగ్గర నిలబెడతాను. నా చెల్లి మీద ఒట్టు" అన్నాడు. ఒట్టు వేయడానికి కూడా చెల్లెలే దొరికింది మహానుభావుడికి!

మాస్టారు వెర్రిబాగులవాడు, నమ్మాడు. గేటు దగ్గర నిలబడి, తల దించుకుని, "నేనే కలిపాను" అన్నాడు. ముందున్నవాళ్ళకి తప్ప వినపడలేదు. అప్పుడు పక్కనే ఉన్న ఫోర్‌మన్, అంతమంది ముందు, "గట్టిగా చెప్పు బావా, వెనకవాళ్ళకి వినపడట్లేదు" అన్నాడు.

మాస్టారు గట్టిగా చెప్పాడు. ఎవరో రాయి విసిరారు. ఆ రోజుతో ఆయన గొంతు పడిపోయింది.

యంత్రం దగ్గర మళ్ళీ నిలబెట్టడం మాట దేవుడెరుగు, ఫోర్‌మన్ గేటు దగ్గర చూసి కూడా మొహం తిప్పుకున్నాడు. ముక్కమ్మ పసిదాన్ని చంకనేసుకుని అన్న ఇంటికెళ్ళి అడిగింది. గడప దాటనివ్వకుండా, గొంతులో బెల్లం పోసుకుని చెప్పాడు. "నేనేం చెయ్యనమ్మా, నీ మొగుడే తన నోటితో ఒప్పుకున్నాడు కదా. ఆడపిల్లవి, నిబ్బరంగా ఉండాలి." తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏంటో ఆవిడకి ఆ గుమ్మంలో తెలిసింది.

ఆ రోజు మాస్టారి చొక్కా జేబులో ఆ రోల్ నుంచి కత్తిరించిన ఒక ముక్క ఉండిపోయింది. ముక్కమ్మ దాన్ని వాసన చూసింది. తియ్యగా, నాలుక మీద జిడ్డులా దిగబడే వాసన. పిల్లకి పాలిస్తూ ఏడ్చింది, ఏడుస్తూనే ఆ ముక్కని రెండు చేసింది. పాలవాడి ఆవుబొమ్మ ఉన్న సగాన్ని మడిచి దాచుకుంది. బొమ్మలేని అంచుని ఒక గాజుసీసాలో వేసి, మూత బిగించి, చుట్టూ మైనం పోసింది. సెలవు అయిపోగానే ఆ సీసాతో సహా పనిలోకి వెళ్ళింది.

"సిగ్గు లేదూ, మొగుణ్ణి గెంటేసిన గడపే తొక్కుతోంది" అని చుట్టుపక్కల ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనీ. ముక్కు గురించి వీళ్ళా ఆవిడకి చెప్పేది! ఆవిడకి అన్న ఉద్యోగం అక్కర్లేదు, ఇల్లు అక్కర్లేదు, కాళ్ళు పట్టుకోవడం అసలే అక్కర్లేదు. ఒకే ఒక్క మాట కావాలి. "నేనే కలిపాను." ఆ గేటు దగ్గరే, ఆ గొంతులోంచే, వెనకవాళ్ళకి వినపడేలా. తన మొగుడి నోటినుంచి పీకి తీసుకున్న మాట అది. ముక్కుపిండి వసూలు చేసుకోవాలి.

ఏళ్ళు గడిచాయి. మాస్టారు వీధి గుమ్మంలో కూర్చుని గొడుగులు బాగుచేసేవాడు. ఎంత నెమ్మదిగా మాట్లాడేవాడంటే, గొడుగు తెచ్చినవాళ్ళు "ఆఁ? ఏంటీ?" అని వంగి చెవి పెట్టాల్సి వచ్చేది. ఫ్యాక్టరీ ఉన్న వీధిలోకి అడుగు పెట్టేవాడు కాదు, ఎంత దూరమైనా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. పసిది బడికెళ్ళే పిల్లయింది. ఒకరోజు పలక పగలగొట్టుకుని వచ్చింది. తోటిపిల్ల "పాలల్లో విషం కలిపినోడి కూతురు" అందట, ఈ పిల్ల పలకతో దాని నెత్తి మీద ఒక్కటిచ్చిందట. మాస్టారు లోపలికెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ముక్కమ్మ కూతురికి కొత్త పలక కొనిచ్చింది, ఒక్క తిట్టు తిట్టలేదు.

అన్న మాత్రం మేనేజరయ్యాడు. పొట్ట వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, ఎవరొచ్చినా "మా చెల్లికి ముక్కు నేర్పింది నేనే. మా వంశంలోనే ఉంది ముక్కు" అని ఒక డాబు వచ్చింది. ముక్కమ్మ వింటూ సీసాలు తుడుచుకునేది.

ఆ డాబులో ఎంత సరుకుందో ఆవిడకి ఒక్కదానికే తెలుసు. ఒకసారి ఆయన గదిలో, కుర్చీ వెనకాల, రంగు పల్చన చేసే ద్రావకం డబ్బా పక్కకి పడి కారిపోయింది. కళ్ళు మండే ఘాటు. నడవలో పోయేవాళ్ళు కూడా ముక్కు మూసుకుని పరిగెత్తారు. ముక్కమ్మ పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి అన్న నింపాదిగా చాయ్ ఊదుకుంటున్నాడు. "ఏంటి, అందరూ పరిగెడుతున్నారు, వానా?" అన్నాడు. ఆవిడకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వేడి యంత్రాల మొహం మీద, ద్రావకాల ఆవిరిలో బతికీ బతికీ ఆయన ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. గులాబీకీ గుర్రపులద్దికీ తేడా తెలియని స్థితి. పరువు పోతుందని దాచుకుంటున్నాడు. ముక్కమ్మ కూడా నోరు విప్పలేదు. కత్తి దొరికితే వీధంతా చూపించి తిరుగుతారా ఎవరైనా?

ఆ పాత సీసాని ఆవిడ ఇంట్లో దాచలేదు. తన గదిలోనే, అలమరలో, వంద సీసాల మధ్య పెట్టింది. రోజూ చూసుకునేది, రోజూ తుడిచేది, ఎన్నడూ మూత తీయలేదు.

పసిపిల్లల పాలపొడి చేసే పెద్ద కంపెనీ ఒకటి తమ సంచుల ఫిల్ము ఈ ఫ్యాక్టరీకి ఇద్దామా అని చూడటానికి ఒక ఆవిడని పంపుతానంది. ఆ ఆర్డరు వస్తే మేనేజరుని వాటాదారుని చేస్తానని యజమాని మాటిచ్చాడు. ఆవిడ వచ్చే రోజు పొద్దున ముక్కమ్మ షెడ్డులోంచి నడుస్తూ బుడగ పక్కన ఠక్కున ఆగిపోయింది. తియ్యటి, జిడ్డు వాసన. నాలుక మీద దిగబడింది. యంత్రం మీదున్నది కొత్తగా చేరిన ఆపరేటరు, ఇంటిదగ్గర నెలల బిడ్డ ఉన్నవాడు. పాపం, వాడికి ఏమీ తెలియదు, ఆవిడని చూసి నవ్వాడు.

తన గదికి వచ్చేసరికి అన్న అక్కడే కూర్చుని ఉన్నాడు, లేని నవ్వొకటి తెచ్చిపెట్టుకుని.

"చెల్లీ, తొలిగింజ కాస్త తగ్గింది. మధ్య పొరేలే, ఏం కాదు. ఆ కంపెనీ ఆవిడొచ్చినప్పుడు నువ్వు చూసి బాగుందనాలి. నీ మాటంటే మాటే."

"ఆవిడ కూడా వాసన చూస్తుందేమో అన్నయ్యా."

"చూడనీ. నువ్వు బాగుందన్నాక చూసేవాళ్ళకి కూడా బాగానే ఉంటుంది. అంతగా తేడా వస్తే ఆ కొత్తవాడున్నాడు కదా. బస్తా తారుమారైందని ఒప్పిస్తాను. పిల్లలు గలవాడు, చెప్పిన మాట వింటాడు." గొంతు తగ్గించాడు. "నువ్వీ ఒక్క సాయం చెయ్యి, బావని మళ్ళీ యంత్రం దగ్గర నిలబెడతాను. నీ మీద ఒట్టు."

మళ్ళీ అదే ఒట్టు! ముక్కమ్మకి కొట్టాలనిపించింది, నిజంగా, అలమరలో ఉన్న సీసాలన్నీ ఆ నెత్తి మీద పగలగొట్టాలనిపించింది. ఆవిడ అలమర వైపు తిరగ్గానే ఆయన కరిగిపోయిందనుకున్నాడు.

"సరే అన్నయ్యా" అంది.

ఆయన వెళ్ళాక ఇంటికి ఫోన్ చేసింది. "నా అన్నం కారియరు మర్చిపోయాను, తీసుకురండి."

"అక్కడికా?" అన్నాడు మాస్టారు.

"గేటు దాకానే. లోపలికి రానక్కర్లేదు."

"పిల్లతో పంపిస్తాను."

"పిల్ల బడికెళ్ళింది. మీరే రావాలి. నాకు ఆకలేస్తుంది." ఇంకేం మాట్లాడకుండా పెట్టేసింది. మర్చిపోయానన్నమాటేగానీ ఆవిడ దాన్ని కావాలనే వంటింటి గట్టు మీద వదిలి వచ్చింది. ఆరోజు ఎలా చూసినా ఆ పాత సీసా మూత తీయాలనుకుంది. ఇలా దొంగే సంచి పట్టుకుని ఎదురొస్తాడని మాత్రం అనుకోలేదు.

మధ్యాహ్నానికి పాలపొడి కంపెనీ ఆవిడ వచ్చింది. నెరిసిన జుట్టు, కాటన్ బట్టలు, మాట తక్కువ. వెంట ముసలి యజమాని, పక్కన మేనేజరు. ముక్కమ్మ వెచ్చటి పెట్టెలోంచి రెండు సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒక దానిలో పొద్దున బుడగ నుంచి కత్తిరించిన ముక్క. రెండో దానిలో ఏముందో మీకు తెలుసు. దాని మైనం ముందే గీకేసి, వెచ్చబెట్టి ఉంచింది.

"ముందు మీరు చెప్పండి, తర్వాత నేను చూస్తాను" అంది పాలపొడి ఆవిడ.

ముక్కమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "క్షమించండి. పొద్దుట్నుంచీ జలుబు, చచ్చినా వాసన తెలియట్లేదు."

మేనేజరు మొహం పాలిపోయింది. యజమాని మాత్రం ఏం తడబడలేదు. "దానికేముంది! ఈయనున్నాడుగా. చెల్లికి ముక్కు నేర్పింది నేనేనని రోజూ చెవులు చిల్లులు పడేలా చెప్తాడు. కానివ్వవయ్యా."

"నేనా..."

"మన వంశంలోనే ఉంది కదా అన్నయ్యా" అంది ముక్కమ్మ, పాత సీసాని ఆయన ముందుకి జరుపుతూ.

ఇంక తప్పుతుందా! మూత తీశాడు. పండితుడిలా కళ్ళు మూసుకున్నాడు. గుండెలనిండా పీల్చాడు. ఎదురుగా మూడడుగుల దూరంలో నిలబడ్డ ముక్కమ్మ ముక్కుకి ఆ కంపు అక్కడికే అందింది, జలుబున్నట్టు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం కళ్ళు తెరిచి, చిరునవ్వు నవ్వి, "స్వచ్ఛం. వాన వెలిసిన గాలి. పసిపిల్లలకి ఇంతకంటే మంచి ఫిల్ము దొరకదు" అన్నాడు.

"బాగా చూశావా అన్నయ్యా? ఇందులో కంపేం లేదా? విషం?"

"విషమేంటి! నీకేమైనా పిచ్చా? నా పేరు మీద రాసిస్తాను."

పాలపొడి ఆవిడ సీసా అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే చెయ్యి వెనక్కి లాక్కుని దగ్గింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. యజమాని కంగారుగా సీసా తీసుకుని వాసన చూసి, తేలు కుట్టినట్టు బల్ల మీద పెట్టేశాడు. "ఛీ! ఛీ! ఇదేంటి? ఈ వాసన... ఈ వాసన నాకు తెలుసు!"

"తెలియకేం అయ్యగారూ" అంది ముక్కమ్మ. ఆవుబొమ్మ సగాన్ని బల్ల మీద పరిచి, సీసాలోని ముక్కని పక్కన పెట్టింది. కత్తెర గాటు గాటుకి అతికింది. "ఇది ఇవాళ్టి ఫిల్ము కాదు. మా ఆయన్ని రాళ్ళతో కొట్టించిన రోజు రోల్‌లోది. ఆ రోజు మా అన్నయ్య గేటు దగ్గర నిలబడి, ఈ విషం నేనే కలిపానని మా ఆయన చేత గట్టిగా చెప్పించాడు. ఇవాళ అదే ముక్కని పసిపిల్లలకి ఇంతకంటే మంచిది లేదంటున్నాడు. రెండిట్లో ఏది నిజమో ఒక్కటి చెప్పమనండి. బాగుంటే మా ఆయన ఏ తప్పూ చేయలేదు. కంపు కొడుతుంటే, ఇవాళ వీళ్ళ పసిపిల్లలకి ఆ కంపు అమ్మబోయాడు."

"జలుబన్నావు..." అన్నాడు అన్న.

"నా జలుబు తగ్గింది. నీ ముక్కు ఎప్పుడు చచ్చింది అన్నయ్యా?"

యజమాని మేనేజరునే చూస్తున్నాడు. ముక్కమ్మ రెండో సీసా మూత కూడా తీసింది. మోచెయ్యి మడతలో ముక్కు పెట్టి ఒక ఊపిరి పీల్చుకుని, సీసా చూసింది, పాలపొడి ఆవిడకి అందించింది. "ఇది ఇవాళ పొద్దున్నది. ఇందులోనూ అదే వాసన. మా ఆయన ఈ గేటులో అడుగుపెట్టి మా అమ్మాయి వయసంత అయింది. మరి ఆయన గాల్లో ఎగిరొచ్చి కలిపాడా?"

పాలపొడి ఆవిడ చూసింది, మూత పెట్టింది. యజమాని చూడలేదు, చూడాల్సిన అవసరం కనిపించలేదు. "పొద్దున్నుంచి చుట్టిన రోల్సన్నీ ఆపించు" అని ముక్కమ్మతో చెప్పి, మేనేజరు వైపు తిరిగాడు. "ఎవరు కలిపారు?"

"ఆ కొత్త..."

"వాడి పేరెత్తావంటే ఊరుకోను" అంది ముక్కమ్మ. ఆ గదిలో అంత పెద్ద గొంతు ఎవరూ ఎన్నడూ వినలేదు. "బావ అయ్యాడు, ఇక వాడా? నీ బస్తాలు ఎటు పోతాయో వెనకగేటు కాపలావాడిని పిలిపించనా?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి కళ్ళజోడు మీదకి వెళ్ళింది. తీశాడు, తుడిచాడు, పెట్టుకోవడం మర్చిపోయాడు. "నేనే" అన్నాడు నోట్లో నోట్లో. "అప్పుడూ... ఇప్పుడూ. చెల్లీ, ఇంక వదిలెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను." నిజంగానే వంగాడు.

ముక్కమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. "కాళ్ళు నాకెందుకు? పోగొట్టుకున్న చోటే వెతుక్కోమన్నారు. పద, గేటు దగ్గరికి."

"అమ్మా, ఇంత జరిగాక మళ్ళీ గేటు దగ్గర ఎందుకు..." అన్నాడు యజమాని.

"ఆ రోజు మా ఆయన్ని కూడా ఈ గదిలోనే అడిగి ఉంటే నేనూ ఈ గదితోనే సరిపెట్టుకునేదాన్ని అయ్యగారూ."

యజమాని తల దించుకుని దారిచ్చాడు.

షిఫ్టు మారే వేళ. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ గేటు దగ్గర కిక్కిరిసి ఉన్నారు. గొడవ వాసన ముందే తగిలిందేమో, అచ్చువాళ్ళు, రోలర్లవాళ్ళు, లారీవాళ్ళు, అందరూ ఆగిపోయారు. కొత్త ఆపరేటరు కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. గేటు బయట, రోడ్డుకి అవతల గోడ నీడలో, చేతిలో కారియరుతో బుడగ మాస్టారు. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ, పారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

ముక్కమ్మకి అన్న మీద జాలి వేసిందా? ఆ ప్రశ్న తర్వాత చాలామంది అడిగారు. ఒకే రొమ్ము పాలు తాగినవాళ్ళు కదా, అంతమందిలో ఆ చెమటలు చూస్తే ఏమీ అనిపించలేదా అని. లేదు. ఒక్క బొట్టు కూడా లేదు. హాయిగా అనిపించిందని ఆవిడే చెప్పింది.

మేనేజరు గేటు దగ్గర నిలబడ్డాడు. సరిగ్గా అక్కడే. పెదాలు కదిలాయి.

"నేనే కలిపాను."

దగ్గరున్న ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ వినపడలేదు. వెనకనుంచి "ఏంటంట? ఏంటంట?" అని గుసగుసలు. ముక్కమ్మ నోరు తెరవబోయింది. ఆ మాట అనడానికే ఆవిడ ఇన్నేళ్ళు బతికింది.

ఆవిడ అనక్కర్లేకపోయింది. రోడ్డుకి అవతలినుంచి, షెడ్డులో ఆ కొస నుంచి ఈ కొసకి వినపడే గొంతొకటి వచ్చింది. కూతురు పుట్టినప్పట్నుంచీ ఆవిడ వినని గొంతు.

"గట్టిగా చెప్పు బావా, వెనకవాళ్ళకి వినపడట్లేదు!"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. తర్వాత ముందుకి తిరిగి చూశారు. మేనేజరు గట్టిగా చెప్పాడు.